పార్కు గడ్డి దుబ్బుల జమా ఖర్చులు

కావలిలోని మన కాలనీ పార్కులో ఎత్తు గడ్డి దుబ్బులు పెంచడానికి మీరిచ్చిన డబ్బుకు లెక్క ఇది. 42 ఇళ్ల నుంచి 500 చొప్పున 21,000 రూపాయలు వచ్చాయి. పేరు చెప్పొద్దన్న ఒక పెద్దాయన 2,000 ఇచ్చారు. పోయినేడాది నిల్వ 1,340. మొత్తం జమ 24,340.

ముందు నష్టం సంగతి చెప్పాలి. ఊదారంగు ఫౌంటెన్ గ్రాస్ 30 కుండీలు, 120 చొప్పున 3,600 పెట్టి కొని గేటు పక్కన నాటాం. అది ఆఫ్రికా గడ్డి. ఎండకు ఆగుతుంది గానీ మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే బతకదు. ఆ మూల బంకమట్టి, పైగా పల్లం. కార్తీకం వానలకు నాలుగు రోజులు నీళ్లు కదల్లేదు. ఒక దుబ్బును పట్టి లాగితే వేరు మట్టిలోనే ఉండిపోయింది, ఆకుల కట్ట చేతిలోకి వచ్చేసింది. మొదలంతా నల్లగా, జిగటగా ఉంది. 22 పోయాయి, అంటే 2,640 రూపాయలు. మిగిలిన 8 మెరక మీదికి మార్చాం. మట్టి చూడకుండా కొన్నది మేమే, తప్పు కమిటీదే.

వట్టివేరు పిలకలు 600, మూడేసి రూపాయల లెక్కన 1,800. పైన జానెడు ఉంచి కోసి, కాలువ కట్ట మీద అరడుగుకొకటి చొప్పున 300 అడుగులు ఆషాఢంలోనే నాటించాం. వట్టివేరు పక్కలకు పాకదు, నిలువునా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటుంది. పోయినేడాది రెండు చోట్ల తెగిన కట్ట ఈసారి అవే వానలకు నిలబడింది. అది చూశాక మాకు ప్రాణం లేచొచ్చింది.

ఊరికే దొరికే రెల్లుకు ఖర్చేంటని కొందరు అడిగారు. గడ్డికి పైసా పెట్టలేదు. చెరువు గట్టు నుంచి తెచ్చిన ఆటోకు 500, ఆరు సిమెంటు వరలకు 2,700 అయింది. రెల్లు భూమిలో అడ్డంగా పాకి పిలకలు వేస్తుంది, అందుకే వరల్లో నాటాం. తెల్లటి కంకులు గాలికి రేగకముందే కోసేయాలి, లేకపోతే గింజ ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది.

నిమ్మగడ్డి 400, ట్రాక్టరు పశువుల ఎరువు 3,500, డ్రిప్ పైపులు 4,650, ఎనిమిది కూలీలకు 600 చొప్పున 4,800, కొడవళ్లు, గ్లౌజులు, పురికొస కలిపి 740. మొత్తం ఖర్చు 22,690. నిల్వ 1,650.

ఇందులో 1,200 సంక్రాంతి తర్వాత కోతకు, ఇద్దరు కూలీలకు. దుబ్బును నడుం దగ్గర పురికొసతో బిగించి, నేలకు జానెడు పైన కోయిస్తాం. ఆ రోజు పిల్లల్ని దగ్గరికి పంపకండి, రెల్లు ఆకు అంచు బ్లేడులా కోస్తుంది. కోసిన గడ్డి కావలసినవాళ్లు పట్టుకెళ్లవచ్చు. బిల్లులన్నీ గేటు గదిలో ఉన్నాయి, ఆదివారం పొద్దున వచ్చి చూసుకోండి.