గోడ మీది గిత్తకి ఆరో రోజే పోస్టర్

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఒంగోల్లో 20 ఏళ్లకి పైగా బోర్డులు రాసినవాణ్ణి, ఫ్లెక్సీలొచ్చాక పని పోయి ఇప్పుడు ఇళ్లకి రంగులేస్తన్నా. పోయిన సంక్రాంతికి ముందు మా వీధి చివర కాంపౌండ్ గోడ మీద ఒంగోలు గిత్తని వేశా, గోడ వాళ్లని అడిగే వేశా, డబ్బులు కూడా తీసుకోలా. గంగడోలు మడతలు సన్న కుంచెతో తీయడానికే ఒక పూట పట్టింది, మూపురం కింద నీడకి తెలుపులో కాస్త నలుపు కలిపా. ఆరో రోజు పొద్దున్నే చూస్తే గిత్త మొహం మీద మైదా జిగురుతో ఏదో కోచింగ్ సెంటర్ పోస్టర్, పైన కొమ్ములు మాత్రం కనపడతన్నాయి. పీకబోతే రంగు కూడా దాంతోపాటే ఊడొచ్చింది.

అది చూసి మా అబ్బాయి ఫోన్లో జపాన్ వీధి బొమ్మలు చూపించాడు, ఇక అప్పట్నుంచీ అవే చూస్తన్నా. అక్కడ పర్మిషన్ లేకుండా గోడ మీద గీస్తే నేరమే, బిల్డింగ్ పాడు చేశారని తేలితే 5 ఏళ్ల దాకా జైలంట. అయినా యొకొహామాలో సకురగిచో దగ్గర రైలు వంతెన కింద గోడ పొడుగూతా కుర్రాళ్లు ఏళ్ల తరబడి బొమ్మలేశారు, 2004లో ఆ లైన్లో రైళ్లు ఆగిపోయాయి, తర్వాత కొన్నేళ్లకి బొమ్మలూ పోయాయి. టోక్యోలో హినోదే స్టేషన్ దగ్గర గొడుగు పట్టుకున్న ఎలుక బొమ్మ ఉంటే, అది బ్యాంక్సీ అని, అసలు పేరు దాచుకుని గోడల మీద బొమ్మలేసే ఇంగ్లండ్ ఆర్టిస్టుదేమోనని 2019లో ఊడదీసి జాగ్రత్తగా జనానికి చూపించారు. మిగతా కుర్రాళ్ల గీతలు తుడిచేసి పేరున్నోడిదైతే దాచిపెట్టడం నాకు నచ్చలా, గీత గీతే గదా.

నాకు బాగా నచ్చింది మాత్రం వాళ్ల మ్యాన్‌హోల్ మూతలు. 1980ల్లో డ్రైనేజీకి ఇంత ఖర్చెందుకని జనం గొణుగుతుంటే, నిర్మాణ శాఖలో కామెదా యసుతకే అనే ఆఫీసరు మూతల మీద మీ ఊరి బొమ్మ పెట్టుకోండని ఊళ్లకి చెప్పాడంట. ఒసాకా మూత మీద వాళ్ల కోట, చెర్రీ పూలు. ఇనుములోనే బొమ్మ పోతపోసి గాడుల్లో రంగు రెసిన్, అంటే ఆరితే గట్టిపడే జిగురు లాంటిది, చేత్తో నింపుతారు, ఆ ఎత్తుపల్లాల వల్ల వానలో బండ్లు జారకుండా కూడా ఉంటాయి. ఇప్పుడు దేశంలో 1,700 పైచిలుకు ఊళ్లుంటే దాదాపు అన్నిటికీ సొంత డిజైన్లున్నాయి, 2016 నుంచి వాటి బొమ్మలతో కార్డులు ఊరికే ఇస్తన్నారు, జనం వాటి కోసమే ఊళ్లు తిరుగుతున్నారు.

మనకేం తక్కువండీ, ఒంగోలు మూత మీద గిత్త, చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ, నెల్లూరులో పెన్న వంతెన, వరి కంకులు పెట్టొచ్చు. గీసేవాళ్లు ఈ రెండు జిల్లాల్లో ఇంకా ఉన్నారు, కొంతమంది ఆటోలు తోలుకుంటన్నారు. మున్సిపాలిటీ వాళ్లు ఊరికొక గోడ మాకని రాసిచ్చి, దాని మీద పోస్టర్ వేస్తే ఫైనని బోర్డు పెడితే చాలు, ఆ బోర్డు కూడా నేనే రాసిస్తా.

గిత్త కొమ్ములు ఇంకా ఆ గోడ మీదే ఉన్నాయి. రేపు రమ్మంటే రేపే పోయి మొహం మళ్లీ వేస్తా, రంగులు నావే.

ఇట్లు,
ఒక పాత బోర్డు పెయింటర్, ఒంగోలు