టీసీ అడిగే ముందు ఒకసారి కూర్చుందాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే వారంలో నా గదిలో తరచూ వినిపించే మాట "టీసీ ఇచ్చేయండి మేడమ్". డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), ఆటిజం ఉన్న పిల్లల అమ్మానాన్నలు ఆ మాట అన్నారంటే అప్పటికే ఎంత విసిగిపోయి ఉంటారో నాకు తెలుసు. కానీ కొత్త స్కూల్లో మళ్లీ అంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆ టెన్షన్ ముందు బిడ్డ మీదే పడుతుంది.

అందుకే మన స్కూల్లో మధ్యవర్తిత్వం మొదలుపెట్టాం. బిడ్డ అవసరాలకు తగ్గట్టు విడిగా చదువు ప్రణాళిక వేసుకునే ఐఈపీ మీటింగులో మాట కుదరకపోతే మీరైనా, మేమైనా మధ్యవర్తి కావాలని అడగొచ్చు. ఆ వ్యక్తి మా ఉద్యోగి కాదు, ఫీజు మాత్రం స్కూలే కడుతుంది. ఊళ్లో పెద్దమనిషిలా తీర్పు చెప్పరు. ఇద్దరూ ఒప్పుకునే దారి దొరికేదాకా మనతోనే మాట్లాడిస్తారు. వద్దనుకుంటే ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు.

ఒక బాబు విషయంలో జరిగిన సంగతి, వాళ్ల అమ్మానాన్నల అనుమతితోనే చెబుతున్నాను. క్లాసులో బాబు పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచర్ని పెట్టాల్సిందేనని నాన్న, అంత అవసరం లేదని క్లాస్ టీచర్. ఇద్దరూ నెలల తరబడి పట్టు వదల్లేదు. మధ్యవర్తి మాత్రం "బాబు ఇంటికొచ్చాక ముందు ఏం చేస్తాడు?" అని అడిగారు. వాళ్లమ్మ బ్యాగులోంచి సోషల్ నోట్సు తీసి బల్ల మీద పెట్టింది. ప్రతి పేజీలో మూడు, నాలుగు లైన్లే ఉన్నాయి. చివరి పదం సగంలో ఆగిపోయింది. బోర్డు మీదున్నది ఎక్కించుకునేలోపే టీచర్ తుడిచేస్తున్నారు. "ఇంటికి రాగానే ఇది తెరిచి ఏడుస్తాడండీ" అందామె. టీచర్ ఆ పుస్తకాన్ని చాలాసేపు తిరగేశారు. నోట్సు ప్రింటు తీసి ఇవ్వాలని, కొన్ని పరీక్షలు నోటితో పెట్టాలని, వారానికి రెండు పీరియడ్లు స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర కూర్చోబెట్టాలని రాసుకుని సంతకాలు చేశాం. షాడో టీచర్ విషయం ఇంకా తేలలేదు. సంక్రాంతి సెలవుల ముందు మళ్లీ కూర్చుంటాం.

అమెరికాలో 1997 నుంచి ప్రత్యేక విద్య గొడవల్లో తల్లిదండ్రులకు రాష్ట్రాలు ఈ మధ్యవర్తిత్వ సదుపాయాన్ని ఉచితంగా ఇవ్వాల్సిందే. అక్కడ మధ్యవర్తి ముందు అన్న మాటలను తర్వాత కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. మన 2023 మధ్యవర్తిత్వ చట్టంలో కూడా ఆ గోప్యతను కాపాడే నిబంధన రాశారు. కాబట్టి మనసులో ఉన్నది భయపడకుండా చెప్పండి. మా టీచర్లకూ ఇదే చెప్పాను. ఒక్క విన్నపం, లోపల మాట్లాడుకున్నవి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

దీనికి ఒప్పుకున్నంత మాత్రాన మీ హక్కులేవీ పోవు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిస్లెక్సియా, ఆటిజం రెండూ అందులో ఉన్నాయి. పిల్లలకు కావాల్సిన సర్దుబాట్లు చేయడం గుర్తింపు ఉన్న మాలాంటి స్కూళ్ల బాధ్యత. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు మీరు ఎప్పుడైనా ఫిర్యాదు చేసుకోవచ్చు.

మధ్యవర్తి కావాలనుకుంటే ఆఫీసులో ఒక కాగితం మీద రాసిస్తే చాలు, కారణాలు వివరంగా రాయక్కర్లేదు. వచ్చేటప్పుడు అసెస్‌మెంట్ రిపోర్టు, బిడ్డ నోట్సులు తెచ్చుకోండి. రిపోర్టు పాతదైపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్‌లో కనుక్కోండి. అమ్మ, నాన్న ఇద్దరూ రాగలిగే సాయంత్రం చూసి మీటింగు పెడతాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు