గంజాం జిల్లాలో వెతకమన్న పెద్దాయనకు, మరో ఇద్దరికి కృతజ్ఞతలు

మా తాతమ్మ వాళ్ళమ్మ సంగతి ఇంట్లో ఎప్పుడూ గొంతు తగ్గించే చెప్పుకునేవారు. రెండేళ్ళ పిల్లని చెల్లెలి ఒళ్ళో పడేసి నేటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం) ఓడెక్కేసిందని, అంతే. ఆమె జాడ కిందటి నెల దొరికింది. అది ముగ్గురి పుణ్యం.

మొదట మా రిటైర్డ్ తహసీల్దారు గారు. మాది శ్రీకాకుళం పక్క పల్లె కదా అని ఏడాదిపాటు ఓడల జాబితాల్లో విశాఖ జిల్లా వాళ్ళనే వెతికాను. ఆయన నవ్వి, "1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మనం గంజాం జిల్లా బాబూ. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసేవారు" అన్నారు. ఏడాది శ్రమ గంగలో కలిసింది గానీ, దారి దొరికింది.

తర్వాత డర్బన్ అక్క. మద్రాసు నుంచి ట్రూరో ఓడ అక్కడికి చేరిన 1860 నవంబరు 16 మొదలు 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా మన దేశపు ఒప్పంద కూలీలు వెళ్ళారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు, పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు. వాళ్ళ మామ్మ దగ్గర విన్న 'రా', 'కూర్చో', 'తిను' తప్ప అక్కకి తెలుగు రాదు. అయినా మా ఊరి పేరుని గుమాస్తా ఎన్ని వంకర్లు తిప్పి ఉంటాడో ఊహించి, పట్టేసి, పేజీ ఫొటో పంపింది.

1890. వయసు 24. ఎడమ మోచేతి మీద పచ్చబొట్టు. తండ్రి పేరూ ఊరూ ఉన్నవున్నట్టు చెప్పింది. పరువు తీసి పారిపోయే మనిషి అలా చెబుతుందా? నాకైతే నమ్మకం లేదు. కింది నంబరు నాలుగేళ్ళ పిల్లాడిది. కొడుకట! తాతమ్మకి అన్న ఉన్నాడని మాలో ఒక్కరికీ తెలీదు.

ఆ ఏడాది వెనక ఏముందో చెప్పింది మా లెక్చరర్ తమ్ముడు. 1888-89లో గంజాంలో కరువు. పైగా వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన, అందుకని కూలీల్ని చేర్చుకునే ఏజెంట్లు ఆడవాళ్ళ కోసం వెతుక్కునేవారు. ఐదేళ్ళ ఒప్పందం. తిరిగొచ్చేద్దామనే అనుకుందేమో.

ఆ పేజీ అమ్మకి చదివి వినిపించాను. పిల్లాడి వరస దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది.

పిల్లాడి నంబరు మీద పెళ్ళి నమోదు ఉందేమో చూస్తానంది అక్క. తొందరేం లేదక్కా, నీకు వీలైనప్పుడే చూడు.