కర్ర తీసే ముందు చెవి చూడండి

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో పెంపుడు కుక్కకు పిచ్చెక్కిందంటూ మీరు వేసిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. యజమానిని కరిచిందని, వీధి వాళ్ళు కర్రలతో తరిమేశారని రాశారు. ఎందుకు కరిచిందో ఒక్క ముక్కా లేదు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఆరేళ్ళు పిల్లల మధ్య పెరిగిన మా కుక్క రాజు ఉన్నట్టుండి తల నిమిరితే గుర్రుమనడం మొదలుపెట్టాడు. "నెత్తికెక్కించుకున్నారమ్మా, నాలుగు తగిలించండి" అన్నారు అందరూ. డబ్బులిచ్చి పిలిపించిన ట్రైనరు ముళ్ళ గొలుసు వేసి లాగాడు. పది రోజులకి గుర్రు ఆగింది. ఆ మర్నాడే మా అబ్బాయి చెయ్యి కరిచాడు. సబ్బుతో పావుగంట కడిగి, టీకాకి పరిగెత్తాం. తర్వాత చూపిస్తే రాజు చెవిలో చీము! మందు వేశాక మళ్ళీ మామూలైపోయాడు. నొప్పితో ఉన్న ప్రాణిని గొలుసుతో లాగించాం, తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

జంతువుల ప్రవర్తన మీద ప్రత్యేకంగా చదివిన పశువైద్యులు చెబుతున్నదీ ఇదే. స్వభావం హఠాత్తుగా మారితే ముందు జబ్బు ఉందేమో చూడాలి. ఇల్లంతా మూత్రం పోసే పిల్లికి కూడా పొగరు కాదు, మూత్రనాళంలో బాధ ఉండొచ్చు. గుర్రుమనడం హెచ్చరిక. కొడితే ఆ హెచ్చరిక పోతుంది గానీ భయం పోదు. కుక్క మన మీద పెత్తనం చేస్తోందనే నమ్మకంతో శిక్షణ ఇవ్వొద్దని అమెరికాలో ఆ వైద్యుల సంఘం 2008లోనే చెప్పింది. కొట్టకుండా, మంచి పనికి తాయిలం పెట్టి నేర్పాలని 2021లో మళ్ళీ గట్టిగా చెప్పింది. మన దగ్గర 1960 నుంచి జంతుహింస నిరోధక చట్టం ఉంది, అడిగే నాథుడేడీ?

మేం వెళ్ళిన పశువుల ఆసుపత్రిలో ఒక్కరే డాక్టరు, బయట గేదెలతో రైతులు బారులు తీరి ఉన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఖాళీలు నింపని పెద్దలనే అడుగుతున్నాను. జిల్లాలోనే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది కదా! అక్కడి వాళ్ళు నెలకో ఆదివారం విజయనగరం వచ్చి, పెంపుడు జంతువులున్న వాళ్ళకి నాలుగు మాటలు చెప్పేలా అధికారులు చూడలేరా? మూడు నెలల లోపు కుక్కపిల్లని మనుషులకి, చప్పుళ్ళకి ఎలా అలవాటు చేయాలో, దీపావళి రాత్రి మంచం కింద వణికే కుక్కని ఏం చేయాలో చెబితే చాలు.

మీరైనా ఈసారి కరిచిన వార్త వేసేటప్పుడు, ఒక పశువైద్యుణ్ణి అడిగి రాయండి.

ఒక పాఠకురాలు,
విజయనగరం