పేపర్ హెల్మెట్ రెసిన్ కిట్‌లో తప్పు సూచనల కాగితం, పేర్లు లేని సీసాలు – ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే అండి. చెన్నై కొళత్తూరు నుంచి రాస్తున్నాను. మీ దగ్గర పేపర్ హెల్మెట్ రెసిన్ కిట్, అంటే కాగితంతో చేసిన హెల్మెట్‌ మీద పూసి గట్టిపరిచే రెసిన్ సామాను, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, 2,450 రూపాయలు కట్టాను, బిల్లు, ఫోటోలు, వీడియోలు అన్నీ ఈ మెయిల్‌కి జత చేశాను. మీవాళ్ళతో చాట్‌లో మాట్లాడాను, ఫోన్లో మాట్లాడాను, టికెట్ క్లోజ్ చేసేశారు గానీ నేను అడిగినదానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు. అందుకే మొత్తం రాసి పంపిస్తున్నాను, దయచేసి ఇది మీ కంపెనీలో కెమిస్ట్రీ తెలిసినవాళ్ళకి చూపించండి.

డబ్బుల సంగతి తర్వాత, ముందు అర్జెంట్ విషయం చెప్తాను. కిట్‌లో రెసిన్ డబ్బాతో పాటు రెండు చిన్న తెల్ల సీసాలు వచ్చాయి. రెండూ ఒకటే సైజు, ఒకటే మూత, లోపల ఏముందో బయటికి కనపడదు. ఒకదాని మీద మార్కర్‌తో ఏ అని, ఇంకోదాని మీద బి అని రాశారు, అంతే. పేరు లేదు, ప్రమాదం గుర్తు లేదు, ఎంత వెయ్యాలో లేదు. ఇక లోపల పెట్టిన సూచనల కాగితంలో, ఫోటో చూడండి, ఏ, బి రెండూ ఒక కప్పులో సమంగా పోసుకుని బాగా కలిపి తర్వాత బ్రష్‌తో పూయాలి అని ఉంది. అండీ, ఇది చదివి నాకు చేతులు వణికాయి. మూత తీసి చూస్తే ఒకదాంట్లో ఊదారంగు ద్రవం, అంటే కోబాల్ట్ యాక్సిలరేటర్, రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసేది. రెండోదాంట్లో నీళ్ళలాగా ఏ రంగూ లేనిది, అది కాటలిస్ట్, అంటే రెసిన్ గట్టిపడడం మొదలుపెట్టించేది, ఎమ్‌ఈకేపీ, అంటే మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. ఈ రెండింటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు. కలిపితే అక్కడికక్కడ భగ్గుమంటుంది, పేలిపోవచ్చు కూడా. ఫైబర్ పని చేసే ఏ షాపులోనైనా మొదటి రోజే చెప్పే మాట ఇది. ముందు కోబాల్ట్ రెసిన్‌లో వేసి పూర్తిగా కలిసిపోయేదాకా తిప్పాలి, ఆ తర్వాతే కాటలిస్ట్ వెయ్యాలి. నాకు అంబత్తూరు ఎస్టేట్ వైపు ఫైబర్ మోల్డింగ్ చేసే ఒక అన్న దగ్గర నేర్చుకున్న అలవాటు ఉంది కాబట్టి ఆ కాగితం పక్కన పడేశాను. అలవాటు లేనివాళ్ళ సంగతేంటి?

నాకు తెలిసి జరిగింది ఇదీ. మీరు ఎపాక్సీ కిట్ కూడా అమ్ముతారు కదా, అది వేరే రకం రెసిన్, ఎపాక్సీలో ఏ అంటే రెసిన్, బి అంటే హార్డెనర్, ఆ రెండూ కలిపితేనే పని జరుగుతుంది. ఆ కాగితాన్నే తీసుకొచ్చి ఈ పాలియెస్టర్ కిట్‌లో పెట్టేశారు, అక్కడ ఏ, బి ఉన్నాయని ఇక్కడ సీసాల మీద కూడా ఏ, బి అని రాసేశారు. అంటే ఇది నా ఒక్క పెట్టెలో జరిగిన పొరపాటు అయ్యుండదు, అలా ప్యాక్ చేసిన ప్రతి పెట్టెలోనూ ఇదే కాగితం ఉండే ఉంటుంది. మీ యాడ్‌లో పన్నెండేళ్ళు దాటిన ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు అని రాశారు. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి ఆదివారాలు నేను పేపర్ మోడల్స్ నేర్పిస్తాను, వాళ్ళలో ఎవరి ఇంటికి ఈ కిట్ వచ్చినా కాగితంలో ఎలా ఉంటే అలానే చేస్తారు, పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేస్తారండీ. ఎమ్‌ఈకేపీ కంట్లో పడితే చూపు పోవచ్చు.

ఇంకోటి. ఆ కాటలిస్ట్ సీసాకి మామూలు మూత బిగించి పైన సెల్లో టేప్ చుట్టారు. పెరాక్సైడ్ మెల్లిమెల్లిగా గ్యాస్ వదులుతుంది, అందుకే దానికి గాలి పోయే మూత పెడతారు. నేను బాల్కనీలో తిప్పగానే బుస్సుమని చప్పుడొచ్చింది. కింద న్యూస్ పేపర్ అప్పటికే తడిసి ఉంది, దాని పక్కనే కోబాల్ట్ సీసా. ఒకే పెట్టెలో, ఒకే పాలిథిన్ కవర్లో, మధ్యలో ఏ అడ్డమూ లేకుండా! ప్రమాదకర సరుకుల రవాణాలో ఆర్గానిక్ పెరాక్సైడ్స్‌కి 5.2 అని ప్రత్యేకంగా క్లాసే ఉంది, మీ పెట్టె మీద మాత్రం ఆర్ట్ మెటీరియల్ అని ఉంది. తెచ్చిన కొరియర్ అబ్బాయి ఆ ఎండలో బండి మీద, కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాడు.

సరే, ఇప్పుడు హెల్మెట్ సంగతి. ఈ పని తెలియనివాళ్ళు చదివితే అర్థం కావాలని కొంచెం వివరంగా రాస్తున్నాను, మీ ఫోన్లో మాట్లాడినావిడ అయితే కాగితమే కదా మేడమ్, మళ్ళీ ప్రింట్ తీసుకోండి అన్నారు. నేను చేసింది అంగారకుడి మీద గనిలో పనిచేసే మనిషికి హెల్మెట్ ఎలా ఉంటుందో ఊహించుకుని సొంతంగా వేసుకున్న డిజైన్. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి, దానికి దొరికే పేపర్ మోడల్ యాడాన్‌తో చదునైన ముక్కలుగా విప్పదీసి, ఏ4 సైజు 220 జీఎస్‌ఎం కార్డు పేపర్ మీద ప్రింట్ తీశాను. చాలామంది జపాన్ వాళ్ళ పెపకురా సాఫ్ట్‌వేర్ వాడతారు, పని ఒకటే. తల కొలత తీసుకుని, లోపల వచ్చే ఫైబర్ మందం, ఫోమ్ మందం లెక్కేసి సైజు పెంచాలి, లేకపోతే అంతా అయ్యాక చెవుల దగ్గర ఇరుక్కుని తల దూరదు. ప్రతి మడత గీత మీద ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా గీయాలి, బయటికి మడిచే గీత వేరు, లోపలికి మడిచే గీత వేరు, అంచు అంచుకి నంబర్లు ఉంటాయి, ఆ నంబర్లు చూసుకుంటూ ఒక్కో ఫ్లాప్‌కి ఫెవికాల్ రాసి ఆరేదాకా వేళ్ళతో పట్టుకోవాలి. దవడ దగ్గర ముక్కలైతే మరీ చిన్నవి, ట్వీజర్ లేకుండా అవ్వదు. మా చెల్లి ఆఫీసు నుంచి వచ్చి నాతో కూర్చుని రాత్రుళ్ళు అతికించింది. అది మళ్ళీ ప్రింట్ తీసుకుంటే వచ్చేది కాదండీ.

కాగితం పని అయ్యాక రెసిన్ ఎందుకంటే అదే అట్టని గట్టిపరుస్తుంది. బయట పల్చగా ఒక కోటు, అది గట్టిపడ్డాక లోపల ఫైబర్ గ్లాస్ మ్యాట్ పరిచి మళ్ళీ రెసిన్, ఆ తర్వాతే బయట కార్ పుట్టీ పెట్టి సాండ్‌పేపర్ రుద్దడం, ప్రైమర్, పెయింట్. మొదటి కోటు తడి పట్టగానే కాగితం మెత్తబడుతుంది, కాబట్టి అది టైముకి గట్టిపడి తీరాలి. నేను మెడ దగ్గర, కళ్ళ దగ్గర అట్టముక్కలు అడ్డంగా పెట్టి విచ్చుకోకుండా కట్టాను. మీ రెసిన్ తూకం వేసి, కోబాల్ట్ కలిపి, కాటలిస్ట్ రెండు శాతం లోపు వేసి, టెర్రస్ మీద నీడలో పూశాను. పూసిన కాసేపటికి కాగితం ట్రాన్స్‌పరెంట్ అయిపోయి లోపల రాసిన ముక్కల నంబర్లు బయటికి కనపడ్డాయి, అది మామూలే, అలాగే అవ్వాలి. గంటలో జెల్ అవ్వాల్సింది సాయంత్రానికి కూడా ముదరని పాకం లాగా వేలికి సాగుతోంది. పొద్దున లేచి చూస్తే అడ్డం పెట్టిన అట్టముక్కలు కూడా తడిసి వంగిపోయాయి, కుడివైపు దవడ అతుకు విడిపోయింది, నుదురు లోపలికి కుంగిపోయింది, కంటి దగ్గరి కోత ఒక పక్కకి జారిపోయి మొహమే వంకర అయిపోయింది. మా చెల్లి ఏమీ మాట్లాడకుండా దాన్ని కిందికి తీసుకొచ్చింది.

మీవాళ్ళు చాట్‌లో ఇచ్చిన జవాబు, చెన్నైలో హ్యుమిడిటీ ఎక్కువ కాబట్టి అలా అవుతుంది, పాలియెస్టర్ పై పొర ఎప్పుడూ జిగటగానే ఉంటుంది అని. రెండో మాటలో కొంత నిజం ఉంది, గాలి తగిలే పై పొర కొంచెం జిగటగా మిగలొచ్చు, దాన్ని ఎసిటోన్‌తో తుడిస్తే కింద గట్టిగా ఉంటుంది. నా హెల్మెట్ మీద గోరు పెట్టి నొక్కితే కాగితం దాకా దిగింది. అంటే లోపల కూడా గట్టిపడలేదు. హ్యుమిడిటీ మాటకొస్తే, దాన్ని కూడా వదిలిపెట్టకుండా చూశాను. అంబత్తూరు అన్న దగ్గర కొత్త రెసిన్, కొత్త కాటలిస్ట్ లూజుగా కొనుక్కొచ్చి, అదే టెర్రస్ మీద, ఒకటే సాయంత్రం, మందపాటి ప్లాస్టిక్ కప్పుల్లో పక్కపక్కన పెట్టి చూశాను, అన్నిట్లోనూ కోబాల్ట్ మాత్రం మీ సీసాలోదే, కొలతలన్నీ ఒకటే. షాపు రెసిన్‌లో షాపు కాటలిస్ట్ వేసింది వేడెక్కి రాయిలాగా అయిపోయింది. షాపు రెసిన్‌లో మీ కాటలిస్ట్ వేసింది మర్నాటికి కూడా జిగటే. మీ రెసిన్‌లో షాపు కాటలిస్ట్ వేస్తే గట్టిపడింది గానీ ఉండలు ఉండలుగా వచ్చింది, ఎందుకంటే మీ డబ్బా అడుగున ముందే జెల్లీ ముక్కలు తయారై ఉన్నాయి. వీడియోలో కప్పులు వరుసగా కనపడతాయి చూడండి. ఆ టెర్రస్ మీద గాలి అందరికీ ఒకటే కదా. మీ కాటలిస్ట్‌లో పస పోయింది, మీ రెసిన్ పాతబడింది, ఇదీ విషయం. వేడిలో నిల్వ ఉంటే రెండూ పాడవుతాయి, అందుకే వీటిని చల్లటి చోట పెట్టమంటారు.

పాతబడింది అని ఊరికే అనట్లేదు. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం అని ఒక స్టిక్కర్ ఉంది, దాని మూల లేచి ఉంటే మెల్లిగా తీశాను, కింద ఇంకో తేదీ అచ్చేసి ఉంది, స్టిక్కర్ మీద తేదీ కంటే ఏడాది పైన పాతది. ఆ ఫోటో కూడా పెట్టాను. ప్యాకెట్ సరుకు మీద తయారీ నెల, సంవత్సరం, తయారుచేసినవాళ్ళ పేరు, అడ్రస్ ఉండాలని 2011 లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్తున్నాయి. తేదీ మీద తేదీ అంటించిన ఆ పని ఎవరు చేశారు, మీరా, మీకు సప్లై చేసినవాళ్ళా, అది నాకు రాతపూర్వకంగా కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. యాడ్‌లో ఫైబర్ గ్లాస్ మ్యాట్ అన్నారు, వచ్చింది పల్చటి సర్ఫేస్ టిష్యూ, దాంతో హెల్మెట్‌కి బలం రాదు. సేఫ్టీ మాస్క్ అని గుడ్డ మాస్క్ ఇచ్చారు, రెసిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరిని గుడ్డ ఆపదు, దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, అది ఇవ్వలేకపోతే కొనుక్కోమని రాయండి, మాస్క్ ఇచ్చి ధైర్యం మాత్రం చెప్పకండి. నా దగ్గర సొంత రెస్పిరేటర్ ఉంది కాబట్టి సరిపోయింది.

నాకు కావాల్సింది ఇది. ముందు ఈ కిట్ అమ్మకం ఆపండి, కొన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసో మెసేజ్ పెట్టో ఏ, బి సీసాలు కలపొద్దు అని చెప్పండి, ఇంగ్లీషులో మాత్రమే వద్దు, తెలుగు, తమిళం, కన్నడంలో కూడా, మీ కస్టమర్లు ఎక్కడున్నారో మీ దగ్గర లిస్టు ఉంది కదా. సీసాల మీద కోబాల్ట్, కాటలిస్ట్ అని పేరు, రెసిన్ బరువుకి ఎంత వెయ్యాలో, ఏది ముందో, ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక పెట్టండి, రెండూ వేరే వేరే రంగు మూతల్లో, వేరే వేరే పెట్టెల్లో పంపండి. నా 2,450 వెనక్కి ఇవ్వండి, కాగితం, ప్రింటింగ్ ఖర్చు బిల్లు కూడా జత చేశాను, అదీ ఇవ్వండి. తెరిచిన ప్రొడక్ట్ రిటర్న్ లేదు అన్నారు, తెరవకుండా రెసిన్ పాడైందని ఎలా తెలుస్తుందండీ?

2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని మీ గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ సైట్‌లో ఆ ఆఫీసర్ పేరు నాకు కనపడలేదు, ఈ మెయిల్ ఆయనకి చేర్చండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రొడక్ట్ లయబిలిటీ కింద, సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా తయారీదారు బాధ్యతే అని సెక్షన్ 84లో స్పష్టంగా ఉంది. మీ నుంచి సరైన జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, తర్వాత చెన్నైలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఐదు లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు కూడా లేదు. కానీ కొన్నవాళ్ళకి చెప్పే పని మాత్రం నెల దాకా ఆపకండి, ఈరోజే చెయ్యండి.

చివరిగా, మీ చాట్‌లో ఒకతను సీసాలు కొరియర్‌లో వెనక్కి పంపిస్తే చూస్తాం అన్నారు. నేను కొరియర్‌లో పంపను. ఆ బండి అబ్బాయికి మళ్ళీ అదే ప్రమాదం అంటగట్టలేను, సింక్‌లో పారబోయడం కూడా కుదరదు. రెండు సీసాలూ విడివిడిగా, ఒకటి బాల్కనీలో నీడలో, ఇంకోటి స్టోర్ రూంలో, పేర్లు నేనే రాసి అంటించి పిల్లలకి అందకుండా పెట్టాను. రెసిన్ డబ్బా స్టిక్కర్‌తో సహా నా దగ్గరే ఉంది. ఈ పని తెలిసిన మీ మనిషిని పంపించండి, శనివారం, ఆదివారం ఇంట్లోనే ఉంటాను, వచ్చి చూసి, రసీదు రాసిచ్చి తీసుకెళ్ళండి.

ఇట్లు,
మీ కస్టమర్, కొళత్తూరు, చెన్నై