చివరి రన్నర్ వచ్చేదాకా కెమెరా ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

మారథాన్ జరిగిన మర్నాడు పేపర్లో వచ్చే వార్త ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. గెలిచినవాళ్ల ఫొటో, టైమింగు, జెండా ఊపిన పెద్దల పేర్లు, అంతే. గెలిచినవాళ్లకు ఆ గౌరవం దక్కాల్సిందే, నాకు అందులో పేచీ లేదు. కానీ ఆ దూరం పరుగెత్తిన మనిషిగా చెబుతున్నాను, వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయాక కూడా రోడ్డు మీద కాళ్లీడ్చుకుంటూ వచ్చేవాళ్లు ఎంతోమంది ఉంటారు, వాళ్ల గురించి రాయడానికి చాలా ఉంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో టాంజానియా రన్నర్ జాన్ స్టీఫెన్ అఖ్వారి దారిలో పడి మోకాలికి పెద్ద దెబ్బ తగిలినా ఆగలేదు, కాలికి కట్టుతో కుంటుకుంటూ విజేత కన్నా గంటకు పైగా ఆలస్యంగా, అందరికన్నా చివర స్టేడియంలోకి వచ్చాడు. అప్పటికే జనం చాలావరకు వెళ్లిపోయారు. ఒక కెమెరా ఇంకా అక్కడ ఉంది కాబట్టి ఆయన గురించి లోకానికి తెలిసింది. మీ ఫొటోగ్రాఫర్‌ని కూడా ఈసారి ఆఖరి మనిషి వచ్చేదాకా ఉండమని చెప్పండి, నేను అడిగేది అదే.

ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. తయారై వచ్చినవాళ్లకు సగం దూరం దాకా బాగానే ఉంటుంది, చుట్టూ జనం, చప్పట్లు, హుషారు. శరీరం ఇంధనంగా దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చాలామందికి 30 కిలోమీటర్లు దాటాక అడుగంటుతుంది, రన్నర్లు దాన్నే 'వాల్', అంటే గోడ, అంటారు. కాళ్లు బరువెక్కడం ఒక ఎత్తయితే మనసు సహకరించకపోవడం ఇంకో ఎత్తు, ఎవరి కోసం ఇదంతా, ఆగిపోతే ఏం పోయింది అని లోపల ఒకటే గోల. ప్రార్థనలో నాకు మాటలకు ఎప్పుడూ కొదవ లేదు, కానీ అక్కడ 'ప్రభువా' అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాలేదు. నాలుగడుగులకోసారి అదే మాట. నొప్పి తగ్గిందా అంటే తగ్గలేదు. ఎవరో ఎత్తుకుని మోసినట్టూ అనిపించలేదు. అయినా ఎదురుగా కనిపించే కరెంటు స్తంభం దాకా వెళ్లగలిగాను, అక్కడి నుంచి ఇంకో స్తంభం దాకా. కష్టం తీసేయమని చేసే ప్రార్థన ఒకటుంది, కష్టం అయిపోయేదాకా పక్కనే ఉండమని చేసేది ఇంకొకటుంది. నాకు ఆ రోజు రెండోదానికి జవాబు దొరికిందని పూర్తిగా నమ్ముతున్నాను.

ఇది క్రైస్తవులకు మాత్రమే జరిగేదని నేననను. ఫౌజా సింగ్ గారు 2000లో లండన్‌లో తన మొదటి మారథాన్ పరుగెత్తేటప్పటికి ఆయన వయసు 89 ఏళ్లు. కొడుకు పోయిన దుఃఖంలోంచి తేరుకోవడానికి పరుగు పట్టుకున్న మనిషి. మొదటి 20 మైళ్లు కష్టం కాదు, చివరి 6 మైళ్లు దేవుడితో మాట్లాడుతూ పరుగెత్తుతాను అనేవారు. ఆయన సిక్కు, నేను యేసును నమ్ముకున్నదాన్ని. అయినా ఆ చివరి మైళ్ల గురించి ఆయన చెప్పింది వింటే నా గురించే చెప్పినట్టుంటుంది.

గ్రీసులోని కొరింథు దగ్గర తొలి క్రైస్తవుల కాలంలో రెండేళ్లకోసారి పెద్ద ఆటల పోటీలు జరిగేవి, అందుకే అపొస్తలుడైన పౌలు అక్కడి విశ్వాసులకు పరుగు పందెం గురించి, అందులో దక్కే బహుమానం గురించి రాసినప్పుడు వాళ్లకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. మన ప్రసంగాలు ఎక్కువగా బహుమానం దగ్గరే ఆగిపోతాయి. ఆయన మాత్రం ఆ వెంటనే మితంగా బతకడం గురించి, శరీరాన్ని అదుపులో పెట్టుకోవడం గురించి రాశాడు, అంటే పందెం రోజు కన్నా ముందు గడిచే రోజుల గురించి. ప్రాక్టీసు చూడటానికి ఎవరూ రారు, చప్పట్లు ఉండవు, తెల్లవారకముందే లేచి, ఒళ్లు బద్ధకంగా ఉన్నా షూ లేసులు కట్టుకుని బయటపడాలి. నా నోట 'ప్రభువా' అన్న మాట ఆ రోడ్డు మీద కొత్తగా పుట్టలేదు. మనసుకు ఏమీ అనిపించని పొద్దుల్లో కూడా మోకాళ్లూనిన అలవాటులోంచి వచ్చింది. విశ్రాంతీ అందులో భాగమే. పందేనికి ముందు రెండు మూడు వారాలు పరుగు తగ్గించాలి, చేసిన శ్రమ ఒంటికి పట్టేది అప్పుడే, కానీ చాలామందికి ఖాళీగా ఉంటే టెన్షన్. ఏడో రోజు పని ఆపమన్న ఆజ్ఞ పాటించడం ఎంత కష్టమో నాకు అప్పుడు బాగా తెలిసింది.

ఇంకొక్క మాట, ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. నమ్మకం ఉంటే చాలు, ఏదైనా పూర్తి చేయొచ్చు అని వేదికల మీద కొందరు అంటుంటారు. అది ప్రమాదకరమైన మాట. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, మాట తడబడినా పరుగు ఆపి మెడికల్ టెంట్‌కి వెళ్లాలి. అవసరానికి మించి నీళ్లు తాగుతూ పోయినా రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలా మధ్యలో ఆగినవాళ్లను విశ్వాసం చాలని వాళ్లుగా చూడటం అన్యాయం. ఇన్నాళ్లు తయారై, అంత దూరం వచ్చి, గీత దాటకుండా పక్కకు తప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆ రోడ్డు మీద ఉన్నవాళ్లకే తెలుసు. ప్రసంగాల్లో పరుగు పందేన్ని ఉదాహరణగా వాడే పెద్దలు వీళ్ల గురించి కూడా నాలుగు మంచి మాటలు చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు