అలారం బాక్సు మార్చమని అడిగే ముందు: మా షాపు నుంచి ఒక మాట

నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్‌లో మా దగ్గర సెంట్రల్ లాకింగ్, అలారం వేయించుకున్నవాళ్లకీ, వేరేచోట వేయించుకుని రిపేరుకి మా దగ్గరికి వస్తున్నవాళ్లకీ ఈ కబురు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, "అలారం మాటిమాటికీ పాడవుతోంది" అని వచ్చిన ఏ బండికీ పరీక్ష చేయకుండా కొత్త బాక్సు (సైరన్‌నీ డోర్ లాకుల్నీ నడిపే కంట్రోల్ డబ్బా) బిగించం. పరీక్షకి 500 రూపాయలు. బండి ఒక పూట మా దగ్గర వదిలి వెళ్లాలి. ఆ 500 తర్వాతి బిల్లులో తగ్గించం.

తగ్గించకపోవడమేంటని కొందరు ఇప్పటికే గట్టిగా అడిగారు. లెక్క ఉన్నదున్నట్టు చెప్తాను. బాక్సు మార్చడం తేలికైన పని, మార్జిన్ కూడా బాగుంటుంది. అసలు లోపం వెతకడానికి డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి గంటలు గంటలు కూర్చోవాలి, చివరికి దొరికేది తుప్పు పట్టిన ఒక స్క్రూ. స్క్రూ బిగించినందుకు డబ్బులు అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అందుకే ఈ లైన్లో ఉన్నవాళ్ల చెయ్యి ముందు కొత్త బాక్సు మీదికే పోతుంది. చెకింగ్ డబ్బులు బాక్సు బిల్లులో కలిపేస్తే, మళ్లీ బాక్సు అమ్మితేనే గిట్టుబాటన్న ఆశ మాకే పుడుతుంది. దేని డబ్బు దానికే ఉంటే మీకూ మాకూ పేచీ ఉండదు.

ఈమధ్య వచ్చిన ఒక డీజిల్ బండి సంగతి చెప్తే విషయం అర్థమవుతుంది. వేరేచోట అప్పటికే రెండు బాక్సులు మార్పించారు. "మూడోది మీరు వేయండి, కాస్త మంచి కంపెనీది చూడండి" అన్నారు ఓనరు గారు. లాక్ బటన్ నొక్కితే డోర్లు సగం లాగి వదిలేస్తున్నాయి, సైరన్ కీచుమని ఆగిపోతోంది. బ్యాటరీ మీద మీటరు పెడితే 12.5 వోల్టులు, బాక్సు దగ్గర 12.4. చాలామంది ఇక్కడే ఆగి, కరెంటు వస్తోంది కాబట్టి బాక్సే పోయిందని తేల్చేస్తారు.

కానీ మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క, అందుకే దారిలో అడ్డున్నా వోల్టులు నిండుగానే చూపిస్తుంది. పని జరుగుతుండగా చూడాలి. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది బాక్సు నల్ల వైరు మీద (అదే ఎర్త్, కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి) పెట్టి, మా కుర్రాడిని లాక్ నొక్కమన్నాను. ఆ నల్ల వైరు మీద 0.2 వోల్టు దాటకూడదు. 1.6 చూపించింది. నాలుగు డోర్ల యాక్చువేటర్లూ (లాక్‌ని లాగే చిన్న మోటార్లు) ఒకేసారి లాగితే ఆ క్షణంలో పది ఆంపియర్ల పైనే పోతుంది. ఎర్త్‌లో ఓమ్‌లో పదోవంతు అడ్డున్నా ఒక వోల్టు అక్కడే మింగేస్తుంది. వైరు వెంటే చెయ్యి పెట్టి వెళితే, డ్యాష్‌బోర్డు వెనక పెయింటు వేసిన బ్రాకెట్ మీద స్క్రూ కింద నొక్కి ఉంది. స్క్రూ తీస్తే దాని కింద పెయింటు గోధుమరంగుకి మాడి ఉంది. ఎమెరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, వైరు చివర రింగు టెర్మినల్ నొక్కి, కొత్త బోల్టుతో బిగించాం. అదే బాక్సు, అదే సైరన్, పని చేస్తోంది. ఓనరు గారు మాత్రం "అయితే బాక్సు మార్చలేదా?" అని కాస్త అనుమానంగానే వెళ్లారు.

సెల్ఫ్ కొట్టగానే అలారం మోగుతోందంటే ముందు బ్యాటరీని అనుమానించండి. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ కొట్టే క్షణంలో వోల్టేజీ తొమ్మిదికి కిందకి పడిపోతుంది. బాక్సు ఒక్కసారి ఆరిపోయి మళ్లీ లేస్తుంది. చాలా బాక్సులు లేవగానే దొంగ పడ్డాడనుకుని సైరన్ ఎత్తుకుంటాయి.

ఇక అర్ధరాత్రి అపార్ట్‌మెంటంతా లేపేవి. ఎక్కువగా వానాకాలంలోనే వస్తాయి. బండికి దెబ్బ తగిలితే పసిగట్టే షాక్ సెన్సర్ మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తగ్గించి చూడండి. తగ్గించినా మోగుతుంటే సెన్సర్ జోలికి వెళ్లొద్దు, బానెట్ తెరిస్తే అలారానికి చెప్పే బానెట్ స్విచ్ చూడండి. నీళ్లూ బురదా పడే చోట ఉండేది అదే, ముందు తుప్పు పట్టేదీ అదే. దాని వైరు ఊడదీసి, కొసకి టేపు చుట్టి ఒక రాత్రి వదిలేయండి. మోగకపోతే దొంగ దొరికినట్టే, కొత్త స్విచ్ ఖరీదు కూడా పెద్దగా ఉండదు. ఎలుకల సంగతి వేరే చెప్పక్కర్లేదు, కొరికిన వైరు కంటికి కనిపిస్తుంది.

రిమోట్ పనిచేయడం లేదని పరుగెత్తుకొచ్చేవాళ్లకి ఒక మాట. పిల్లలు ఇంట్లో కూర్చుని బటన్ తెగ నొక్కితే, నొక్కిన ప్రతిసారీ మారే కోడ్ రిమోట్‌లో ముందుకు వెళ్లిపోతుంది, బండి వెనకబడుతుంది. బండి పక్కన నిలబడి వెంటవెంటనే రెండుసార్లు నొక్కండి, చాలా రిమోట్లు తిరిగి కలుస్తాయి. కలవకపోతే రిమోట్ బ్యాటరీ మార్చి చూడండి. ఆ తర్వాతే మా దగ్గరికి రండి.

బ్యాటరీ దిగిపోవడం మా దగ్గరికి వచ్చే పెద్ద ఫిర్యాదు, ముఖ్యంగా పిల్లలు అమెరికాలో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లు బండి ఎప్పుడోగానీ తీయని ఇళ్ల నుంచి. నిలబడి ఉన్న బండి మొత్తంగా 50 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు పోతుంది. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ పదిహేను రోజుల్లో సగానికి వస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, వారానికోసారి బండి కాసేపు తిప్పాలంతే. అంతకంటే ఎక్కువ లాగుతుంటే వెతకాలి. ఒక పూట అని అడిగేది ఇందుకే. డోర్ తెరిచే ఉంచి, దాని లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసి, డోర్ పడిందని బండిని నమ్మించి, లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా అరగంట పైనే ఆగి, అప్పుడు మీటరు చూడాలి. తొందరపడి చూస్తే తప్పు అంకె వస్తుంది.

కొన్ని పనులు ఇకమీద ఎంత అడిగినా చేయం. నడుస్తున్న బండి ఇంజన్‌ని రిమోట్‌తో ఆపే కనెక్షన్ వేయం. బైపాస్ మీద స్పీడులో ఉండగా రిలే (ఇంజన్ కరెంటు కట్ చేసే స్విచ్) పొరపాటున కొడితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు ఒకటి రెండు నొక్కులకే రాయిలా అవుతుంది. దొంగ సంగతి తర్వాత, లోపల ఉండేది మీవాళ్లు. సెల్ఫ్ మాత్రమే కట్ అయ్యేలా వేస్తాం. వైరు గీకి మెలిపెట్టి టేపు చుట్టడం కూడా ఉండదు. మన బెజవాడ ఎండకి టేపు గమ్ము కారి ఊడొస్తుంది. జాయింట్ అంటే సోల్డరింగ్, దాని మీద హీట్ స్లీవ్. వారంటీలో ఉన్న కొత్త బండికైతే వైరు కోయకుండా కప్లర్‌కి (కంపెనీ ప్లగ్గుకి) కప్లర్ పడితేనే చేస్తాం, పడకపోతే వేయించుకోవద్దనే చెప్తాం.

బండి తెచ్చేటప్పుడు రిమోట్లు రెండూ తీసుకురండి. ఏ టైములో మోగింది, వాన పడుతోందా, బండి ఎన్నాళ్లు కదలకుండా ఉంది అనేది ఒక కాగితం మీద రాసిస్తే మా పని సగం అయిపోయినట్టే. ఉదయం పదకొండు లోపు తెస్తే సాయంత్రానికి ఫోన్ చేస్తాం. ఆదివారం సెలవు.